'కొలంబో' టీవీ సీరియల్‌లో స్పీల్‌బర్గ్ తీసిన ఎపిసోడ్: తెర వెనుక సంగతులు, ముఖ్యంగా ఆ టైపు మిషను చప్పుడు

కొలంబో అనే పోలీసు డిటెక్టివ్ హత్యల గుట్టు విప్పే అమెరికన్ టీవీ సీరియల్ 'కొలంబో'లో 'మర్డర్ బై ద బుక్' ఎపిసోడ్‌కు అంత పేరు రావడానికి దర్శకుడు స్పీల్‌బర్గ్ కావడమే కారణమా, లేక అందులో నిజంగానే విషయం ఉందా అని అడిగారు. తెర వెనుక సంగతులు కూడా చెప్పమన్నారు. విషయం ఉంది. నా మటుకు అందులో ముఖ్యమైనది మొట్టమొదటి సన్నివేశంలోనే, కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. నేను హైదరాబాద్‌లో టీవీ సీరియళ్లకు శబ్ద విభాగంలో పనిచేశాను. ఈ జవాబు అటువైపే ఎక్కువ మొగ్గుతుంది, ముందే చెబుతున్నాను.

ముందు ఆ సన్నివేశం. లాస్ ఏంజిలిస్‌లో ఒక రోడ్డు మీద మెర్సిడెస్ కారు వస్తూ ఉంటుంది. ఇంజను వినపడదు, హారన్లు లేవు, టైర్ల రొద లేదు. వినిపించేదంతా టైపు మిషను టకటకలే. ఆ చప్పుడు ఎక్కడిదో మనకు ఇంకా తెలియదు. కెమెరా మెల్లగా వెనక్కి జరుగుతుంది. ఇంతసేపూ మనం ఎత్తైన భవనంలోని ఒక ఆఫీసు కిటికీ అద్దంలోంచి కిందికి చూస్తున్నామని అప్పుడు అర్థమవుతుంది. గదిలో ఒక రచయిత తలొంచుకుని టైపు చేసుకుంటున్నాడు. కారు దగ్గరవుతున్నా అతని వేళ్లు ఆగవు. కాసేపటికి కారులో వచ్చిన మనిషి తుపాకి పట్టుకుని ఆ గది తలుపు ముందు నిలబడతాడు.

ఆ ఇద్దరూ భాగస్వాములు. మిసెస్ మెల్‌విల్ అనే పాత్రతో డిటెక్టివ్ నవలలు వెలువరించి పేరు, డబ్బు సంపాదించినవాళ్లు. కాగితం మీద రెండు పేర్లూ ఉంటాయి గానీ రాసేది మాత్రం టైపు చేస్తున్న జిమ్ ఫెర్రిస్ ఒక్కడే. కారులో వచ్చిన కెన్ ఫ్రాంక్లిన్ విందులకు వెళ్లి, ఇంటర్వ్యూలు ఇచ్చి, ఆ కష్టం మీద బతుకుతున్నవాడు. ఇక విడిగా రాసుకుంటానని జిమ్ తేల్చి చెప్పాడు. కెన్ చేతిలో మిగిలింది జిమ్ పేరు మీద తీసిన బీమా పాలసీ. ఈ కథంతా మాటల్లో తరువాత వస్తుంది. శబ్దం మాత్రం ముందే చెప్పేసింది: ఆ కారును నడిపిస్తున్నది పైన మోగుతున్న టైపు మిషనే. ఒక్క సంభాషణ లేకుండా ఇంత చెప్పడం టెలివిజన్‌లో నేను చాలా అరుదుగా చూశాను.

ఇది ప్రసారమైనది 1971 సెప్టెంబర్ 15న, అమెరికన్ చానల్ ఎన్‌బీసీలో. అంతకు ముందు 1968లో ఒకటి, 1971 మార్చిలో మరొకటి కొలంబో టెలివిజన్ సినిమాలు వచ్చాయి. క్రమం తప్పని సీరియల్‌గా ప్రసారం మొదలైంది మాత్రం దీనితోనే. అప్పటికి స్పీల్‌బర్గ్ వయసు 24. స్క్రిప్టు రాసిన స్టీవెన్ బోచ్‌కోకు 27. ఇతనే తరువాత 'హిల్ స్ట్రీట్ బ్లూస్'తో అమెరికన్ పోలీసు సీరియళ్ల తీరునే మార్చాడు. సంగీతం బిల్లీ గోల్డెన్‌బర్గ్. టైపు మిషను లయను తీసుకుని సంగీతంలోకి నేశాడాయన. స్పీల్‌బర్గ్‌తో ఆయనకు అది కొత్త పరిచయం కాదు. 1969లో స్పీల్‌బర్గ్ తొలిసారి టీవీకి పనిచేసిన 'నైట్ గ్యాలరీ' సీరియల్ పైలట్‌కు, అంటే ముందుగా తీసే నమూనా ఎపిసోడ్‌కు కూడా సంగీతం ఆయనదే. దర్శకుడికీ సంగీత దర్శకుడికీ మధ్య ముందే నమ్మకం కుదిరి ఉంటేనే ఇలాంటి పని జరుగుతుంది. అందరూ నగరపు రొద ఉండాలని ఆశించే చోట అంతా తీసేసి ఒక్క చప్పుడే ఉంచుదామంటే, రీరికార్డింగ్ గదిలో ఎవరో ఒకరు తప్పకుండా అడ్డుపడతారు.

ఎందుకంటే నేను అది చూశాను. చాలా కాలం కిందట రాత్రి పూట వచ్చే ఒక నేర పరిశోధన సీరియల్‌కు పనిచేశాను. చానల్ పేరు వద్దు. ఒక ఎపిసోడ్‌లో వంటింట్లో గ్రైండర్ తిరుగుతూ ఉంటుంది, ఇల్లాలు కనపడదు. కెమెరా వసారాలోంచి నెమ్మదిగా లోపలికి వెళ్లాలి. మా సీనియర్ ఇంజనీరు ఒక మాట అన్నారు: "సంగీతం వద్దు, గ్రైండర్ చాలు. కానీ ఉత్త గ్రైండర్ కాదు, పిండి వేసి రికార్డు చేయండి." నిజంగానే నానబెట్టిన మినప్పప్పు వేసి రికార్డు చేశాం. ఎవరైనా పక్కన ఉండి నీళ్లు చిలకరిస్తుంటే రాయి మెత్తగా, ఒకే తీరులో తిరుగుతుంది. నీళ్లు పోసేవారు లేకపోతే పిండి గట్టిపడి రాయికి అడ్డం పడుతుంది, మోటారు మూలుగుతుంది. ఆ మూలుగు వింటే చాలు, గ్రైండర్ దగ్గర మనిషి లేదని తెలుగు ఇళ్లలో పెరిగిన ఎవరికైనా తెలిసిపోతుంది. శవాన్ని చూపించక ముందే అనుమానం పుడుతుంది. ఆ ట్రాక్‌ను మిక్స్ చేసిన రాత్రి మా అందరికీ ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

మరుసటి రోజు చానల్ నుంచి ఫోను వచ్చింది. సంగీతం ట్రాక్ పడలేదు, ఫైలు మళ్లీ పంపండి అన్నారు. కావాలనే వదిలేశాం అని మా దర్శకుడు ఎంత చెప్పినా వినలేదు. ఇళ్లలో పనులు చేసుకుంటూ టీవీ చూస్తారు, మ్యూజిక్ ఆగితే చానల్ మార్చేస్తారు అన్నది వాళ్ల వాదన. చివరికి గ్రైండర్‌ను కిందికి దించి దాని మీద వయొలిన్లు పరిచాం. ప్రసారమైనది అదే.

ఆ రోజుల్లోనే మా ఇంజనీరు నాకు 'మర్డర్ బై ద బుక్' చూపించారు. "ఇది కూడా టీవీయే, చూడు" అన్నది ఆయన మాట. అప్పటి నుంచి ఈ ఎపిసోడ్ అంటే నాకు ప్రాణం.

ఇక కెమెరా సంగతి. దీనికి ఛాయాగ్రాహకుడు రస్సెల్ మెటీ. అప్పటికే అరవై దాటిన పెద్దాయన, 'స్పార్టకస్'కు ఆస్కార్ అందుకున్నవాడు. అంతకు ముందు 1958లో ఆర్సన్ వెల్స్ 'టచ్ ఆఫ్ ఈవిల్' కూడా ఆయన చేతి మీదుగానే వచ్చింది. ఆ సినిమా ఆరంభం గుర్తుందా? కారు డిక్కీలో బాంబు పెడతారు. ఆ తరువాత ఒక్క కట్ కూడా లేకుండా క్రేన్ మీద కెమెరా ఆ కారునూ, పక్కన నడిచే జంటనూ వీధుల వెంట అనుసరిస్తుంది. అదే మనిషి పదమూడేళ్ల తరువాత, ఇరవై నాలుగేళ్ల దర్శకుడి కోసం, మళ్లీ చావును మోసుకొచ్చే ఒక కారుతోనే ఎపిసోడ్ మొదలుపెట్టాడు. ఇద్దరిలో ఎవరి మనసులోనైనా ఆ పాత షాట్ మెదిలిందా అన్నది నా ఊహ మాత్రమే. రెండూ ఒకే రోజు పక్కపక్కన పెట్టి చూడండి, మీకూ అదే అనిపిస్తుంది.

కొలంబోగా నటించిన పీటర్ ఫాక్ ఈ షూటింగ్ గురించి తరువాత ఎన్నోసార్లు ఆప్యాయంగా చెప్పాడు. తాను వీధిలో నడిచే సన్నివేశాన్ని స్పీల్‌బర్గ్ రోడ్డుకు అవతలి వైపు నుంచి టెలీ లెన్స్‌తో తీశాడట. కెమెరా ఎక్కడో దూరాన ఉండటంతో నటుడిగా తనకు ఎంతో హాయిగా ఉందని, అప్పట్లో టీవీలో అలా తీసేవారు కాదని, ఇతను మామూలు దర్శకుడు కాదని అప్పుడే అర్థమైందని ఫాక్ అన్నాడు. ఈ కుర్రవాడు మన కొలంబోకు మించినవాడని నిర్మాతలతో కూడా చెప్పాడట. ఫాక్‌కు మూడేళ్ల వయసులో కంటి క్యాన్సర్ వల్ల కుడి కన్ను తీసేశారు, అక్కడ ఉన్నది గాజు కన్ను. కొలంబో అదోలా తల వంచి చూసే చూపులో దాని పాలు ఎంతో ఉంది. నలిగిన ఆ రెయిన్ కోటు కూడా ఆయన సొంతదే, స్టూడియో వాళ్లు కుట్టించింది కాదు.

ఈ ఎపిసోడ్‌లో కొలంబో కనపడటానికి చాలాసేపు పడుతుంది. కెన్ మాయమాటలు చెప్పి భాగస్వామిని శాన్ డియాగో వైపు ఉన్న తన సరస్సు ఇంటికి తీసుకెళ్తాడు. ఆఫీసులోనే ఉండి పని చేసుకుంటున్నానని భార్యకు ఫోను చేయమంటాడు. జిమ్ మాట్లాడుతుండగానే కాలుస్తాడు. తుపాకి మోత భార్యకు ఫోనులో వినపడుతుంది. హత్య లాస్ ఏంజిలిస్ ఆఫీసులో జరిగిందని ఆమె ప్రమాణం చేసి చెప్పగలదు, చెవులారా విన్నది కాబట్టి. చూశారా, హంతకుడి పథకమంతా మళ్లీ శబ్దం మీదే నిలబడింది! ఆరంభంలో మనం విన్న చప్పుడుకూ చూసిన బొమ్మకూ పొంతన లేదు. ఇక్కడ ఆమె విన్న చోటు ఒకటి, జరిగిన చోటు మరొకటి. బోచ్‌కో స్క్రిప్టులో ఉన్న ఈ ఉపాయాన్ని పసిగట్టే ఆరంభాన్ని అలా తీశారని నేను గట్టిగా నమ్ముతాను.

కొలంబో ప్రవేశం కూడా ఎంత సాదాగా ఉంటుందో గమనించండి. ఆఫీసు వరండాలో మంచినీళ్ల కొళాయి దగ్గర, భర్త ఏమయ్యాడో తెలియక వణికిపోతున్న ఆ భార్యను పలకరిస్తాడు. ఆమెను ఇంటికి దిగబెట్టి, వంటింట్లోకి వెళ్లి ఆమ్లెట్ వేసి పెడతాడు. పోలీసు అధికారి హీరోగా అడుగుపెట్టే మొదటి వారం అది!

రచయితల విషయానికి వస్తే అసలు తమాషా ఇక్కడ ఉంది. కొలంబోను సృష్టించిన రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ కూడా ఇలాగే జంట రచయితలు. ఫిలడెల్ఫియాలో బడి రోజుల నుంచి స్నేహితులు. కలిసి కథలు రాశారు, కలిసే టీవీకి వచ్చారు, 1987లో లెవిన్సన్ చనిపోయే వరకూ కలిసే ఉన్నారు. తాము నిర్మిస్తున్న సీరియల్ మొదటి వారమే, జంట రచయితల్లో ఒకడు మరొకడిని చంపే కథను ప్రసారం చేయడానికి ఎంత చనువు, ఎంత ధీమా ఉండాలి! వాళ్లే 1984లో పీటర్ ఫిషర్‌తో కలిసి 'మర్డర్, షీ రోట్' సృష్టించారు. డిటెక్టివ్ నవలలు రాసే ఒక పెద్దావిడ స్వయంగా హత్యల గుట్టు విప్పే కథలు అవి. మిసెస్ మెల్‌విల్ నీడ ఆమె మీద నాకు కనపడుతుంది.

వెళ్లిపోతూ వెళ్లిపోతూ తలుపు దగ్గర ఆగి "ఇంకొక్క విషయం" అనే కొలంబో అలవాటుకు కూడా మూలం టైపు మిషనే. టీవీ సినిమా కన్నా ముందు, 1962లో కొలంబో ఒక రంగస్థల నాటకం. అందులో ఒక సన్నివేశం పొట్టిగా వచ్చిందట. కొలంబో అప్పటికే గదిలోంచి వెళ్లిపోయాడు. పేజీ అంతా మళ్లీ టైపు చేయడానికి బద్ధకమేసి, అతన్నే వెనక్కి రప్పించి మరో ప్రశ్న అడిగించారని లింక్ చెప్పేవాడు. పేజీలను కంప్యూటర్‌లో దిద్దుకునే కాలమైతే ఆ అలవాటు పుట్టేదే కాదేమో.

తెర వెనుక విశేషాలు వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. కొలంబో మొదటి పేరు ఫిలిప్ అని మీకు ఎక్కడైనా తగలవచ్చు. అది పూర్తిగా కల్పితం. ఫ్రెడ్ వర్త్ అనే రచయిత తన విశేషాల పుస్తకాన్ని ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికి కావాలనే ఆ తప్పుడు పేరు చేర్చాడు. తరువాత 'ట్రివియల్ పర్స్యూట్' అనే క్విజ్ ఆటలో అదే పేరు జవాబుగా కనపడింది. ఆయన దావా వేశాడు. ఆ పుస్తకాన్ని కూడా వాడుకున్నామని ఆట తయారు చేసినవాళ్లే ఒప్పుకున్నారు. అయినా విడి విడి వాస్తవాల మీద కాపీరైటు ఉండదని కోర్టులు తేల్చాయి, 1987లో అప్పీలులోనూ ఆయన ఓడిపోయాడు. ఎపిసోడ్లలో కొలంబో మొదటి పేరును ఎవరూ పలకరు. మొదటి సీజన్‌లోని 'డెడ్ వెయిట్'లో చూపించే గుర్తింపు కార్డు మీద మాత్రం ఫ్రాంక్ అని ఉంటుంది.

హంతకుడిగా వేసిన జాక్ కాసిడీ తరువాత 1974లో, 1976లో మరో రెండు కొలంబో ఎపిసోడ్లలోనూ హంతకుడే అయ్యాడు. నవ్వుతూనే ఎదుటివాణ్ని తక్కువ చేసి చూసే ఆ మొహానికి సాటి లేదు. కానీ 1976 డిసెంబర్‌లో తన ఇంట్లో జరిగిన అగ్ని ప్రమాదంలో ఆయన చనిపోయాడు. కెన్‌ను బెదిరించి డబ్బు అడిగే దుకాణదారు లిల్లీగా నటించిన బార్బరా కోల్బీని 1975లో లాస్ ఏంజిలిస్‌లో కాల్చి చంపారు. హంతకులు నేటికీ పట్టుబడలేదు. లిల్లీ పాత్రను ఆమె ఎంత బెరుకుగా, ఎంత ఆశగా చేసిందో చూస్తే మనసు బరువెక్కుతుంది. మొత్తం ఎపిసోడ్‌లో నాకు అందరికన్నా ఇష్టమైన నటన ఆమెదే.

లోపం లేదా అంటే ఉంది. చివరి ఆధారం నాకు నచ్చదు. జిమ్‌ను చంపిన పథకాన్నే ఎప్పుడో కెన్ ఒక కథ కోసం చెబితే జిమ్ రాసి పెట్టుకున్నాడని, ఆ కాగితం జిమ్ పత్రాల్లో దొరికిందని కొలంబో చూపిస్తాడు. కెన్ వెంటనే ఒప్పేసుకుంటాడు. మంచి వకీలు ఎవరైనా ఆ కాగితాన్ని నిమిషంలో తోసిపుచ్చుతాడు. అయినా ఆ ముగింపులో ఒక న్యాయం ఉంది. తన జీవితంలో తనకు తట్టిన ఒకే ఒక్క మంచి ఆలోచన అదేనని కెన్ గొప్పగా చెప్పుకుంటాడు, చేసిన నేరం కన్నా ఆ గొప్పే అతనికి ముఖ్యం. ఆధారంగా నాకు నచ్చినది వేరొకటి. తన ఇంటి ముందు పచ్చికలో ప్రాణ స్నేహితుడి శవం పడి ఉంటే కెన్ తనకు వచ్చిన ఉత్తరాలు విప్పి చూసుకున్నాడు. కొలంబో దాన్ని అక్కడే పట్టుకున్నాడు. 1997లో 'టీవీ గైడ్' పత్రిక అన్ని కాలాల్లోకీ మేటి వంద ఎపిసోడ్లను ఎంపిక చేసినప్పుడు దీనికి 16వ స్థానం ఇచ్చింది. నన్ను అడిగితే ముగింపు ఒక్కటే దాన్ని ఇంకా పైకి వెళ్లకుండా ఆపింది.

చూసేటప్పుడు టీవీ స్పీకర్ల మీద ఆధారపడకండి, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. మొదటిసారి మామూలుగా చూసి, రెండోసారి ఆరంభాన్ని శబ్దం పూర్తిగా ఆపి చూడండి. అప్పుడు మీకు కనిపించేది పార్కింగ్ కోసం వస్తున్న ఒక మామూలు కారు మాత్రమే. ఆ తరువాత వీలైతే అదే ఏడాది నవంబర్ 13న ఏబీసీ చానల్‌లో వచ్చిన స్పీల్‌బర్గ్ టీవీ సినిమా 'డ్యూయల్' చూడండి. ఈ కొలంబో ఎపిసోడ్ రఫ్ కట్‌ను, అంటే తుది మెరుగులు దిద్దని కూర్పును, స్పీల్‌బర్గ్ నిర్మాత జార్జ్ ఎక్‌స్టైన్‌కు చూపించాడు. ఆ సినిమా అతని చేతికి రావడానికి అది సాయపడింది. దానికి కూడా సంగీతం గోల్డెన్‌బర్గే. అందులో వెంటపడే లారీ డ్రైవర్ మొహాన్ని మనకు చూపించరు, లారీ రొద మాత్రం వదలదు.